ముందే చూసిన గీత

కణాలను ఢీకొట్టించి కొత్త కణం కోసం వెతికే ఆ ప్రయోగశాలలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త కణం కనబడగల భాగాన్ని కంప్యూటరు దాచేస్తుంది. ఏ కొలతలు లెక్కలోకి రావాలి, ఏవి పారేయాలి అన్న హద్దులన్నీ ఖాయమయ్యేదాకా అటు ఎవరూ తొంగిచూడకూడదు. చూస్తే మనసు ఊరుకోదుగా! కావలసిన జవాబు వచ్చేలా హద్దుల్ని అటూ ఇటూ జరిపేస్తుంది.

ఆ దాచే ప్రోగ్రాం రాసింది అక్క. వెతుకులాట నడిపేది చెల్లెలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, పక్కపక్క గదులు.

తాళం సరిగ్గా పడిందో లేదో చూద్దామని ఒక మధ్యాహ్నం అక్క కూర్చుంది. ఉత్తుత్తి డేటాతో చూస్తే సరిపోయేది. బుద్ధి గడ్డి తిని అసలు డేటానే తెరిచింది. తెర మీద గీత సాఫీగా పోతూ పోతూ ఒకచోట చిన్నగా ఉబ్బింది. కొత్త కణం ఉంటే గీత అలాగే ఉబ్బుతుంది. అమ్మో! చటుక్కున మూసేసింది. ఏం లాభం, కళ్ళు చూసేశాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు మీటింగులో ఒక హద్దు దగ్గర అందరూ తర్జనభర్జన పడుతుంటే చెల్లెలు అడిగింది.

"అక్కా, నువ్వేమంటావు?"

"కొంచెం కిందికి దించితే మేలేమో" అంది అక్క. దించితే ఆ ఉబ్బు పెరుగుతుందని ఆమెకు తెలుసు.

"మా అక్క చెప్పిందంటే ఇంక తిరుగులేదు" అని నవ్వి, చెల్లెలు హద్దు దించేసింది.

ఆ వారమంతా చెల్లెలు పలకరిస్తే చాలు, అక్క తేలు కుట్టిన దొంగలా ఏదో పని ఉందని జారుకునేది. ఆ ఉబ్బు నిజంగా కణమో, కాకతాళీయమో ఎవరికి తెలుసు? కణం దొరికిందని చెల్లెలు లోకమంతా చాటుకున్నాక అబద్ధమని తేలితే పోయేది పిల్ల పరువే.

దాచింది తెరవాల్సిన రోజు పొద్దున అక్క చెల్లెలి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"నేను చూశానే. మీటింగుకి ముందే. చూశాను కాబట్టే ఆ హద్దు దించమన్నాను."

"ఆటపట్టించకక్కా, అసలే ఇవాళ తెరిచే రోజు" అంటూ చెల్లెలు అక్క కళ్ళలో నీళ్ళు చూసి, కుర్చీలో కూలబడింది. "పరాయివాళ్ళు చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వెలా చేశావక్కా?"

"తప్పే. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందరికీ నేనే చెప్తాను. ఈ డేటా పక్కన పెట్టి, కొత్తది వచ్చాక మళ్ళీ మొదలుపెట్టు. నన్ను దూరంగా ఉంచు."

"కొత్తదంటే ఇంకో రెండేళ్ళు" అంది చెల్లెలు. తర్వాత గొంతు తగ్గించింది. "అక్కా... కణం ఉందా?"

ముందే చూడాలనే తన జబ్బు అక్క పిల్లకీ అంటించేసింది! ఉందన్నా లేదన్నా, రాబోయే లెక్కా పాడే. నోరైతే నొక్కుకుంది, మరి మొహం? దాన్ని చూసి కడుపులో మాట చదివేయడం ఈ పిల్లకు చిన్నప్పటి నుంచీ అలవాటే. గబుక్కున గోడవైపు తిరిగిపోయింది.

"ఒక్కసారి ఇటు చూడక్కా" అని చెల్లెలు ఏడుస్తూ బతిమాలింది.

అక్క వెక్కి వెక్కి ఏడ్చింది కానీ ఇటు తిరగలేదు.