కరివేపాకు పగ

ట్రాఫిక్ అనే ఆ రైల్వే కాలనీలో గౌరిని మంచిమనసున్న మనిషి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు లోపల నవ్వొస్తుంది. సందు పొడుగునా ఇంటింటికీ కరివేపాకు చెట్టు పెట్టించింది మంచితనంతో కాదు, కడుపుమంటతో. ఆ మంట పెట్టింది కన్యకమ్మ.

కన్యకమ్మ భర్త పరబ్రహ్మంగారు రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కు. వాళ్ల క్వార్టరు పెరట్లో ఎప్పుడో ఎవరో వేసిన కరివేపాకు చెట్టు ఇంటికప్పు దాటి ఎదిగింది. సందు మొత్తానికి అదొక్కటే. బజారులో దొరికేది వాడిపోయి వాసన చచ్చి ఉంటుంది కాబట్టి, చారులోకి రెండు రెబ్బలు కావాలంటే ఆడవాళ్లంతా ఆ గేటు ముందు నిలబడాల్సిందే. ఊరికే నిలబడితే చాలదు, నోరు తెరిచి అడగాలి. అడిగితే ఇస్తుంది, కాకపోతే కాసేపు నిలబెట్టి ఇస్తుంది. మంగళ, శుక్రవారాలు కొయ్యదు. తనను పొగిడినవాళ్లకు లేతాకు, ఎదురుచెప్పినవాళ్లకు ముదురాకు. ఒక్క చెట్టును పెట్టుకుని సందునంతా ఏలింది మహాతల్లి.

గౌరి ఊళ్లోనే ఇంకో పేట అయిన నిమ్‌పురా నుంచి ఈ సందుకు కొత్తగా వచ్చిన రోజుల్లో, కన్యకమ్మ గోడకు ఇవతల, కాలవ గట్టు మీద ఆ చెట్టు పిలక ఒకటి లేచి కనిపించింది. అడక్కుండా తెచ్చిన మొక్కే బాగా బతుకుతుందని మన ఆడవాళ్లలో చాలామందికి నమ్మకం. గౌరికీ వాళ్లమ్మ నుంచి ఆ నమ్మకం వచ్చింది. అటూ ఇటూ చూసి, పిలకను వేరుతో సహా లాగి కొంగులో చుట్టుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో కన్యకమ్మ గేటు తెరుచుకుని వచ్చేసింది. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని ఉన్నవాళ్లందరి ముందూ ఆమె చేత కొంగు విప్పించింది. పిలక మట్టితో సహా కిందపడింది.

"అడిగితే ఇయ్యనా? దొంగసెయ్యి కాపోతే ఇదేటి పని?" అంది కన్యకమ్మ.

అని ఊరుకుందా, ఆ పిలకను చెప్పుకాలితో నలిపి మరీ లోపలికి పోయింది. గౌరికి తల తీసేసినట్టయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. భర్త రాఘవ గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి వచ్చి సంగతి విని, ఓ ఆకు కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు. ఆకు కోసం కాదని మగాడికి చెప్పి లాభం లేదని ఆమె ఊరుకుంది. ఆరోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. ఆ కన్యకమ్మ ఎప్పటికైనా తన గేటు ముందు నిలబడి నోరు తెరిచి రెండు రెబ్బలు అడగాలి. తను కాసేపు నిలబెట్టాలి. ఇవ్వడమా మానడమా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. దేవుడి ముందు దీపం పెట్టినా ముందు ఇదే అడిగేది, పిల్లల చదువులూ మొగుడి ప్రమోషనూ ఆ తర్వాతే.

ఆ వానాకాలం ఇచ్ఛాపురంలో పుట్టింటికి వెళ్లి, పెరటి కరివేపాకు చెట్టు నల్లటి పళ్లు తడిగుడ్డలో మూటకట్టి తెచ్చింది. ఎండితే మొలవవు కాబట్టి రైలు దిగిన పూటే నూనె డబ్బాల్లో, కోసిన నీళ్ల సీసాల్లో పాతేసింది. ఒక్కో మొలక లేస్తుంటే కన్యకమ్మ కళ్లలో ఒక్కో ముల్లు గుచ్చినంత సంబరపడింది. జానెడు ఎదగగానే ఒకటి తన గోడ పక్కన నాటుకుని, మిగతావి పంచడం మొదలుపెట్టింది. ముందు పక్కింటి ఎస్తేరమ్మకు, తర్వాత ఎదురింటి బెంగాలీ ఆవిడ మిత్ర దీదీకి, ఆ తర్వాత వరసగా అందరికీ. బియ్యం కడుగు పొయ్యమంది, పుల్లమజ్జిగ పొయ్యమంది. మాకెందుకమ్మా అన్నవాళ్ల గోడ పక్కన తనే వెళ్లి గొయ్యి తవ్వి నాటి వచ్చింది. మొక్క ఇచ్చి అందరి దగ్గరా ఒక మాట తీసుకుంది.

"ఎవురు కోసుకున్నా అడగమనకండి. కరేపాకు కాడ ఒకుర్నొకురు దేబిరించక్కర్నేదు."

ఈ మాట కన్యకమ్మ చెవిన పడాలనే కుళాయి దగ్గర కాస్త గట్టిగా చెప్పింది.

ఏళ్లు తిరిగేసరికి సందు రూపే మారిపోయింది. గోడ పక్కన మట్టి తవ్వినవాళ్లు ఊరుకోక గోంగూర చల్లారు, బచ్చలి పాకించారు, దొండపాదు వేశారు. విద్యాసాగర్ పార్కు ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చే మగాళ్లు చొక్కా మార్చుకోకుండానే పాదులకు నీళ్లు పోస్తున్నారు. వెనక చెత్త పోసే చోట ఇప్పుడు వంగతోట ఉంది. మిత్ర దీదీ పప్పులో కరివేపాకు తాలింపు పెడుతోంది. ఎస్తేరమ్మ కాలు విరిగి మంచం పట్టిన నెలల్లో ఆ ఇంటికి కూరకు కరువు రాలేదు, ఎవరి పెరట్లో కాసింది వాళ్లు పట్టుకెళ్లారు. ఒకరి గోడ వైపు ఒకరు చూడనివాళ్లు కూడా విత్తనాల కోసం మాటలు కలిపారు. వీటన్నిటికీ జనం గౌరిని దీవించారు. గౌరి అవేవీ పట్టించుకోలేదు. కన్యకమ్మ గేటు ముందు ఇవాళ ఎవరైనా నిలబడ్డారా లేదా, అదొక్కటే ఆమె చూసుకునేది. ఒక పండగ పూట ఆ గేటు దగ్గర నరపురుగు కూడా లేకపోవడం చూసి, కడుపునిండా భోజనం చేసింది.

కానీ అది సగం పగే. మిగతా సగం కోసం ఎదురుచూసింది.

పరబ్రహ్మంగారు రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేస్తే చెట్టును వెంట తీసుకుపోలేరు కదా. దంపతులిద్దరూ సందు చివర రైల్వే గోడ అవతల మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. క్వార్టరులోకి కొత్తగా వచ్చినవాళ్లు కారు పెట్టుకోవడానికి అడ్డమని చెట్టు కొట్టించేశారు. అది కూలిన రోజు గౌరి పాయసం వండింది. ఏటి విశేషమని రాఘవ అడిగితే, తినాలనిపించిందని చెప్పింది.

ఇక ఆ మేడ మీద మట్టి లేదు, చెట్టు లేదు. కన్యకమ్మకు రావడం తప్ప దారి లేదనుకుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎంతసేపు నిలబెట్టాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో లోపల వల్లెవేసుకుంటూ కూర్చుంది.

కన్యకమ్మ వచ్చింది. గుడికి పోతూ, ఎస్తేరమ్మ గోడ దగ్గర ఆగి, కొమ్మ వంచి రెండు రెబ్బలు తుంచుకుని సంచిలో వేసుకుని పోయింది. మర్నాడు మిత్ర దీదీ గోడ దగ్గర తుంచుకుంది. గౌరి ఒళ్లు మండిపోయి, ఎలా కొయ్యనిచ్చావని ఎస్తేరమ్మను నిలదీసింది. ఎస్తేరమ్మ ఆమె ముఖంలోకి వింతగా చూసింది.

"నువ్వే కదమ్మీ అడగక్కర్నేదన్నావు. ఇప్పుడు ముసల్దాన్ని ఆపమంటావేటి?"

మూడోనాడు కన్యకమ్మ గౌరి గోడ దగ్గరే ఆగింది. తల తిప్పి కూడా చూడకుండా, లేతరెబ్బ ఎంచుకుని తుంచింది. గౌరి కుర్చీలోంచి లేచి గేటు దాకా పరుగెత్తింది. ఇన్నేళ్లు వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"కన్యకక్కా, అడిగి కోసుకోండి."

కన్యకమ్మ ఆగి, ఆమె వైపు చూసింది. ముఖంలో కోపం లేదు, వెటకారమూ లేదు.

"అడగాలా? ఈ సందులో కరేపాకు ఎవురూ అడగరు కదా, గౌరీ. ఆ పద్ధతి పెట్టింది నువ్వేనంట. మంచి పద్ధతే."

"ఒక్కసారి. నన్నొక్కసారి అడగండక్కా."

తన గొంతు తనకే వినిపించింది. తన గేటు ముందు తనే నిలబడి దేబిరిస్తోంది. కన్యకమ్మకు ఏమీ అర్థం కానట్టుంది. ఒంట్లో బాగుందా అని అడిగి, సంచి సర్దుకుని గుడివైపు వెళ్లిపోయింది.

గౌరి లోపలికి పోయి కొబ్బరికాయలు కొట్టే కత్తి తెచ్చింది. ఈ పాపిష్టి చెట్టును మొదలంటా నరికేస్తే గానీ మంట చల్లారదనుకుంది. కత్తి ఎత్తి, సందు పొడుగునా చూసింది. ప్రతి గోడ మీదా ఆకు నిగనిగలాడుతోంది. అన్నీ తన చేత్తో పెట్టినవే. ఇది నరికితే రేపు చారులోకి రెబ్బ కోసం ఎస్తేరమ్మ గోడ దగ్గరకు పోవాల్సింది తనే.