కర్ర దేవుడైన రోజు

అరంగేట్రం రోజున కర్ర ఎవరినీ తాకకూడదు. నాట్యం నేర్పే శివక్కొళుందు వాత్యార్ ఇంట్లో తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు. ఆ ఉదయం తాళం వేసే చెక్క దిమ్మనీ, కర్రనీ, గజ్జెలనీ ఒకే పీట మీద పెట్టి, చందనం పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తారు. ఇక మర్నాడు పొద్దు పొడిచేదాకా కర్ర దేవుడు. దేవుడు కొట్టడు.

కుయిలికి భయం ఆ ఒక్క రోజంటేనే.

మాయవరంలోని ఆ ఇంటి ఎర్రటి గచ్చు మీద రెండు జడల వయసు నుంచీ ఆమె ఆ కర్ర చప్పుడుకే అడుగు వేసింది. దిమ్మ మీద పడితే తాళం. అడుగు తప్పితే అదే కర్ర పిక్కల మీద పడేది. ఎక్కడ తప్పిందో చెవి చెప్పేలోపే చర్మం చెప్పేది. కొన్నాళ్ళకు ఆమె ఒంట్లో లెక్క అంటూ వేరే ఏమీ మిగల్లేదు. దెబ్బ వస్తోందని కండరం ముడుచుకోవడమే లెక్క. నిద్రలో కూడా పిక్కలు బిగుసుకుని ఎదురుచూసేవి. ఇవాళ ఆమె అరంగేట్రం, వాత్యార్ చేతిలో ఇత్తడి తాళాలు తప్ప ఏమీ ఉండవు. దెబ్బ రాదని తెలిసిన ఒళ్ళు ఆడుతుందో లేదో ఆమెకు తెలియదు.

ఆగిపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. సెంబగం అక్కను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె వాత్యార్ కూతురు. తన అరంగేట్రానికి ముందు ఒక సాధనలో తండ్రి విసిరిన కర్ర ఆమె మోకాలి చిప్పను పగలగొట్టింది. అయినా వేదిక ఎక్కింది. అన్నిటికన్నా పెద్ద నాట్యమైన వర్ణం సగంలో కూలబడింది. మధ్యలో ఆగిన కాలికి మళ్ళీ గజ్జె కట్టకూడదు, అది ఆ ఇంటి ఇంకో కట్టుబాటు. అందరి ముందూ వాత్యారే ఆమె గజ్జెలు విప్పాడు. అప్పటినుంచీ సెంబగం వేదిక పక్కన కాలు చాపుకుని కూర్చుని, ఇతర పిల్లలు ఆడుతుంటే పాడుతుంది.

అరంగేట్రం జరిగే కల్యాణ మండపం వెనక గదిలో మధ్యాహ్నం పెళ్ళి భోజనాల సాంబారు వాసన ఇంకా పోలేదు. కుయిలి తల్లి అళగమ్మై నోట్లో పిన్నులు పెట్టుకుని కూతురి పట్టు కుచ్చిళ్ళు బిగిస్తోంది.

"ఊపిరి బిగబట్టవే. పట్టీ అందట్లేదు."

"పొద్దుట్నుంచి అరటిపండు తప్ప ఏం పెట్టావమ్మా అందకపోవడానికి?"

మృదంగం వాయించే పక్కిరి తలుపు సందులోంచి తల పెట్టాడు. "కుయిలీ, చివరి తిల్లానాలో పరుగెత్తకు తల్లీ. నాకు షుగరు. నీ వెనక రాలేను."

"నువ్వు పరుగెత్తి ఎన్నాళ్ళయింది మామా?" అంది సెంబగం, శ్రుతిపెట్టె సరిచేసుకుంటూ. "కూర్చున్నచోటే ఆయాసపడతావ్."

పక్కిరి నవ్వి తల వెనక్కి తీసుకున్నాడు. వాత్యార్ నవ్వలేదు. గోడవారన పట్టు గుడ్డ మీద పెట్టిన కర్రకు ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అరంగేట్రానికి కర్ర కూడా వెంట రావాలి. అది చూడాలి.

కుయిలి కళ్ళు మూసుకుని వర్ణంలో చివరి అడుగులు ఒకసారి నెమరేసుకుంది. ముందుకు రెండు, పక్కకు ఒకటి, వెనక్కి ఒక ఊపు. తల్లి "జాగ్రత్త" అనడం వినిపించింది. అప్పటికే కాలు గాల్లో ఉంది. పట్టు కుచ్చిళ్ళు కర్ర మీదుగా ఒరుసుకుంటూ వెళ్ళి, గజ్జె కట్టిన పాదం అవతలి పక్కన దిగింది.

ఆ ఇంట్లో పాకే పిల్లలు కూడా కర్రను దాటరు. చుట్టూ తిరిగి వెళతారు. కుయిలి కళ్ళు మూసుకునే ఉంది, నిజమే. కానీ ఆ గదిలో కర్ర ఎక్కడుందో ఆమె ఒంటికి తెలియని క్షణం లేదు. చీకట్లో కూడా తెలుసు. కాలు పొరపాటున వెళ్ళిందో, వెళ్ళాలనే వెళ్ళిందో ఆలోచించే వ్యవధి ఆమెకు దొరకలేదు.

"దాటావా?" అన్నాడు వాత్యార్, చాలా మెల్లగా.

కర్ర ముఖం మీదికి వచ్చింది. కుడి చెయ్యి దానంతట అదే అడ్డం లేచింది. వేళ్ళ కణుపుల మీద పడిన దెబ్బ చప్పుడు దిమ్మ మీద పడిన దెబ్బలాగే, పొడిగా, స్పష్టంగా వినిపించింది. రెండోది అదే చోట. ఆమె చెయ్యి దించలేదు. దించితే ముఖం. మూడోది పడ్డప్పుడు లోపల ఏదో పుల్ల విరిగినట్టయింది. వాత్యార్ కింది పెదవి పళ్ళ మధ్య ఉంది. కొట్టేటప్పుడు ఆయన మడమలు కొంచెం లేస్తాయి, నాట్యంలో లేచినట్టే.

"వాత్యార్, మొహం మీద వద్దు," అంది అళగమ్మై పిన్నులు ఉమ్మేసి. "ఇంకాసేపట్లో జనం చూస్తారు."

కొట్టొద్దని అనలేదు. కుయిలి ఆ తేడా విన్నది. ఎప్పుడూ వింటూనే ఉందని కూడా అప్పుడే తెలిసింది.

సెంబగం గోడ పట్టుకుని లేచింది. "అప్పా. ఇవాళ అది దేవుడన్నావు."

"దేవుణ్ణే దాటింది." ఆయన ఊపిరి ఎగపోస్తోంది. "కొట్టింది నేను కాదు."

కర్ర మీది కుంకుమ కుయిలి చేతికి అంటుకుంది. కుంకుమ ఎంతో నెత్తురు ఎంతో విడదీయడం కష్టం. అళగమ్మై పారాణి సీసా తీసి, వేలి చివర్లకే పూయవలసిన ఎరుపును మణికట్టుదాకా పూసేసింది. ఇప్పుడు అంతా పారాణే. లోపల మాత్రం వేళ్ళు ఉబ్బుతూ, ఒక్కొక్కటే మడుచుకుని, పిడికిలిగా మూసుకున్నాయి. తెరుద్దామని చూస్తే కళ్ళ ముందు నల్లటి మచ్చలు తిరిగాయి.

"ఆపేద్దామా కన్నూ?" అంది తల్లి, ఈసారి నిజంగా భయపడి. "జొరం అని చెబుదాం."

"గజ్జె కట్టాక ఆపితే విప్పేస్తాడు," అంది కుయిలి. "ఇక ఎప్పటికీ."

వాత్యార్ కర్రను మళ్ళీ పట్టు గుడ్డ మీద పెట్టి, కండువాతో ముఖం తుడుచుకుని, తాళాలు తీసుకుని ముందు నడిచాడు.

వేదిక మీద దీపాల వేడి. మొదటి అడుగులో ఆమె అనుకున్నదే అయింది. ఒళ్ళు మొద్దుబారి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడింది. అంతలో కుడి పిడికిలి ఒక్కసారి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. నొప్పికి ఒక నడక ఉంది. పాదం ఆ నడకను పట్టుకుంది. పక్కన ఇత్తడి తాళాలు మోగుతున్నాయి గానీ ఆమె వాటిని వినడం లేదు. వాత్యార్ ఆమె చేతిలోకి దూరి కూర్చుని, లోపలి నుంచి తాళం వేస్తున్నాడు. ఆ సంగతి అసహ్యంగా తోచింది. ఆ అసహ్యంతోనే మూడో వేగం కూడా తప్పకుండా ఆడింది. కుడి చేతి ముద్రలన్నీ ఎడమ చేతికి మార్చేసింది. వర్ణం ముగిసేసరికి మండపం చప్పట్లతో ఊగిపోయింది. వాత్యార్ తల ఊపలేదు, తప్పు పట్టనూ లేదు.

తర్వాతిది యశోద పదం, అభినయించే పాట. కృష్ణుడు ఉట్టి పగలగొడతాడు. యశోద కర్ర ఎత్తుతుంది. వాడి కళ్ళు చూస్తుంది. ఎత్తిన చెయ్యి మెత్తబడి, వేళ్ళు పువ్వులా విచ్చుకుని కర్ర జారిపోతుంది. అప్పుడు చివరి చరణం: "నిన్ను కొట్టబోయిన చెయ్యి నాకెందుకురా కన్నా." వాత్యార్ దాన్ని నేర్పడానికి ఎండాకాలమంతా పట్టింది. విచ్చుకోవలసిన వేళ్ళు ఆలస్యంగా విచ్చుకున్నాయని ఎన్నోసార్లు ఆ వేళ్ళ మీదే కొట్టాడు.

కర్ర పట్టుకున్నట్టు చూపడానికి పిడికిలి కావాలి. అది ఉంది.

ఎత్తింది. వాడి కళ్ళు చూడవలసిన చోట చూడలేదు. కొట్టింది.

మృదంగం ఒక్క క్షణం తడబడింది. ఆమె మళ్ళీ కొట్టింది. బొటనవేలు పక్కకు వాల్చిన పట్టు, కింది పెదవి పళ్ళ మధ్య, లేచిన మడమలు. మూడో వరుసలో కూర్చున్న ఆడవాళ్ళు, ఒకప్పుడు ఆ ఎర్ర గచ్చు మీద ఆడినవాళ్ళు, మాట్లాడుకోకుండానే కాళ్ళు కుర్చీల కిందకు లాక్కున్నారు. ముందు ఒక పసివాడు ఏడుపు ఎత్తుకుని తల్లి చీరలో దూరాడు. కుయిలికి ఇంతకు ముందు తెలియని హాయిగా ఉంది. ఆమె ఊహలో ఆ కర్ర కింద మొదట వాత్యార్ ఉన్నాడు, నెత్తిన రెండు చేతులూ పెట్టుకుని. తర్వాత తల్లి ఉంది. ఒక్కో దెబ్బకూ విరిగిన కణుపు నిప్పులా మండింది. ఆ మంట కూడా హాయిలో భాగమే. ఇంకా కొట్టింది. ఈసారి కింద రెండు జడల పిల్ల కనిపించింది. పిక్కలు బిగబట్టుకుని, కళ్ళు పైకెత్తకుండా, లెక్క కోసం ఎదురుచూస్తున్న పిల్ల.

చెయ్యి గాల్లో ఆగింది.

సెంబగం చివరి చరణం ఎత్తుకుంది. ఇప్పుడు వేళ్ళు విచ్చుకోవాలి. కుయిలి విప్పబోయింది. పిడికిలి కదల్లేదు. చరణం పూర్తయింది. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. కొట్టిన తల్లి కొట్టినట్టే నిలబడితే అది యశోద కాదు, పదం కాదు, అరంగేట్రం కాదు. వాత్యార్ గడ్డంతో పక్కిరికి సైగ చేశాడు, ఆపెయ్యమని. ఆయన ఎడమ చెయ్యి అప్పుడే నేల మీద ఆనింది, లేచి వచ్చి గజ్జెలు విప్పడానికి అన్నట్టు.

సెంబగం తండ్రి వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని అదే చరణం మళ్ళీ అందుకుంది. నాట్యం చేసేవాళ్ళు భావం విస్తరిస్తున్నంతసేపూ పాడేవాళ్ళు ఆ ముక్కనే తిప్పి తిప్పి పాడాలి. అది ఏ ఇంటి కట్టుబాటూ కాదు, అన్ని ఇళ్ళదీ. పక్కిరి వాత్యార్ను చూశాడు, సెంబగాన్ని చూశాడు, మృదంగం మీద వేళ్ళు ఆపలేదు.

కుయిలి ఎడమ చేత్తో కుడి చిటికెన వేలిని పట్టుకుంది. లాగింది. అది వచ్చింది. ఉంగరపు వేలు. నోట్లో ఇనుము రుచి వచ్చింది, నాలుక కొరుక్కుంది. "నిన్ను కొట్టబోయిన చెయ్యి." మధ్య వేలు విరిగినది. దాన్ని విప్పుతున్నప్పుడు వచ్చిన చిన్న చప్పుడు ముందు వరుసదాకా వినిపించింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం కాపాడిన ముఖం, గీత లేని ముఖం, యశోద ముఖం. "నాకెందుకురా." చూపుడు వేలు. బొటనవేలు. అరచెయ్యి తెరుచుకుని ఉంది.

లేని కర్ర కింద పడింది. మండపంలోని తలలన్నీ అది పడిన చోటికి వంగాయి. వాత్యార్ మడిచిన కాలు ఇంకొంచెం వెనక్కి జరుపుకున్నాడు, అది తగులుతుందేమో అన్నట్టు.

ఆమె వంగి, అదే చేత్తో, చిన్ని కృష్ణుణ్ణి ఎత్తుకుంది.

తిల్లానా ఎలా ఆడిందో ఆమెకు గుర్తు లేదు. ఆగలేదన్నది మాత్రం గుర్తుంది.

వెనక గదిలోకి ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో విసనకర్ర, కచేరీలు విని విని ముదిరిన చెవులు. "అమ్మాయ్, ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం ఉంది చూశావూ, కోపాన్ని బలవంతాన తెరిచినట్టు... ఇంత వయసొచ్చింది, ఎక్కడా చూళ్ళేదు. ఎవరు నేర్పారది?"

కుయిలి నోరు తెరిచింది.

"నేనే," అన్నాడు వెనక నుంచి వాత్యార్.

ఆమె కాదందామనుకుంది. ఎంత వెతికినా, ఆయన అన్నదాంట్లో అబద్ధం కనిపించలేదు. ఆయన కర్రను పట్టు గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, "చేతికి కట్టు కట్టించుకో. ఎల్లుండి నుంచి రా," అని ముసలాయన్ను కాఫీకి తీసుకెళ్ళాడు. అళగమ్మై కూతురి గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి చూసింది. ముఖం బాగానే ఉంది. ఆటో పిలవడానికి వెళ్ళింది.

సెంబగం కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుని, గజ్జెల ముడి విప్పబోయింది. కుయిలి పాదం చటుక్కున వెనక్కి వెళ్ళిపోయింది.

"నేనేలే," అంది సెంబగం. "ముగించిన కాలు ఇది. మళ్ళీ కట్టుకోవడానికే విప్పేది. ఇటివ్వు."

పాదం మెల్లగా వచ్చింది. గజ్జెలు విప్పుతున్నంతసేపూ కుయిలి తన కుడి చేతినే చూస్తోంది. వేళ్ళు మళ్ళీ వాటంతట అవే లోపలికి ముడుచుకుంటున్నాయి, ఏదో పట్టుకోవడానికి. సెంబగం కూడా అది చూసింది. గజ్జెలు పక్కన పెట్టి, మూసుకుంటున్న ఆ పిడికిట్లోకి తన వేళ్ళు దూర్చింది.

"నొప్పక్కా."

"నొప్పి పుట్టనీ," అంది సెంబగం, వేళ్ళు తియ్యకుండా.