ఎర్ర అట్ట పుస్తకంలో గోపయ్య

నా దుకాణం బోర్డు మీద 'సెకండ్ హ్యాండ్ పుస్తకాలు' అని ఉంటుంది. మూటలు దించేటప్పుడు మాత్రం ఆ సెకండ్ హ్యాండ్ వేసేవాడు ఒక్కడూ కనపడడు. నల్లగొండ బస్టాండు పక్క సందులో, జిరాక్సు సెంటరుకూ చాయ్ బండికీ నడుమ ఇరుక్కున్న కొట్టు నాది. సాహిత్య చరిత్రలు, కళల చరిత్రలు, కోటల చరిత్రలు, కులాల చరిత్రలు అన్నీ ఉంటాయి. చరిత్రగా అచ్చయిన ప్రతిదీ నా దగ్గరికి చేరేసరికి అట్ట ఊడి 'చిరిత్ర' అవుతుంది.

సర్కారు కొలువులకు నోటిఫికేషన్ పడిందంటే పిల్లలు వచ్చి తెలంగాణ సంస్కృతిని మూటలు కట్టుకొని పోతారు. పరీక్ష వాయిదా పడిందంటే ఈగలు వస్తాయి. మిగతా రోజుల్లో చదువరుల కంటే చెదవరులే ఎక్కువ. చెదలైనా నయం, పట్టిన పుస్తకాన్ని చివరిదాకా వదలవు. కొట్టు వెనక గదిలో నేనూ, ఒక ఫ్యానూ కాపురముంటాం. మా ఇద్దరిలో తిరిగేది ఫ్యాను ఒక్కటే.

అలాంటి ఒక ఈగల మధ్యాహ్నం ఖాకీ బట్టల్లో ఒక మనిషి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. నలభై అయిదేళ్లుంటాయి. భుజానికి టికెట్ల మిషను వేలాడుతోంది.

"అన్నా, ఎర్ర అట్ట పుస్తకం ఉన్నదా?"

"ఎర్ర అట్టయి మస్తున్నయి తమ్మీ. అట్ట సంగతి అట్ల పెట్టు, లోపల ఏముంటదో జెప్పు."

"లోపల మా బాపు ఉంటడు."

నా కొట్లో రాజుల్ని అడిగినవాళ్లున్నారు, కవుల్ని అడిగినవాళ్లున్నారు. తండ్రిని అడిగిన గిరాకీ ఇదే మొదలు. స్టూలు జరిపి కూర్చోమన్నాను.

పేరు సైదులు. ఆర్టీసీలో కండక్టరు. హాలియాలో ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నాడు. తండ్రి గోపయ్య ఒగ్గు కథలు చెప్పే బృందంలో ఉండేవాడట. సైదులు తల్లి కడుపులో ఉండగానే గొర్ల మంద దగ్గర పిడుగు పడి పోయాడు. తల్లి మారెమ్మ అత్తగారితో పంచాయితీ పడి, చంటిపిల్లవాడితో ఆ ఊరు విడిచి హాలియాకు వచ్చి నాట్లకు పోయి బతికింది. మళ్లీ అటు తిరిగి చూడలేదు.

"ఇంట్ల ఒక్క ఫొటో లేదన్నా. పట్నం నుంచి ఎవలో సార్లు వచ్చి బాపును ఫొటో దీసి, ఎర్ర అట్ట పుస్తకంల ఏసిన్రంట. అమ్మ చెప్పేది. మొన్న కార్తీకంల అమ్మ గూడ పాయె. ఇగ నాకు బాపు మొకం ఎట్లుంటదో చెప్పేటోళ్లు లేరు."

"అమ్మ ఏమన్న గుర్తు చెప్పలేదా?"

"చెప్పింది. మీ బాపు నడుమకొచ్చిండంటె ఊరంత గాయిననే సూసేది అన్నది. గంతే."

ఆ రోజు నుంచి ఎర్ర అట్ట నా పని అయింది. డ్యూటీ లేని రోజు సైదులు వచ్చేవాడు, మూటలు విప్పడంలో చెయ్యి వేసేవాడు. నా మాటల గారడీకి జిరాక్సు సెంటరు వాళ్లు ఎప్పుడో చెవులు మూసుకున్నారు. సైదులు మాత్రం వినేవాడు. బస్సుకైతే కండక్టరే గానీ నవ్వుకు కాదు. నేను చెప్పింది ఎక్కి, దిగి, మూల మలుపు తిరిగాక గానీ అతని మొహంలో వెలుగు వచ్చేది కాదు. అయినా వాడు వచ్చే రోజు నేను గడ్డం గీసుకునేవాణ్ణి.

ఎండాకాలం పోయి వానలు కూడా వెళ్లే వేళకు మహబూబ్‌నగర్ నుంచి ఒక లెక్చరరు ఇంటి పుస్తకాలు ఆటోలో వచ్చాయి. అడుగున ఎర్ర అట్ట. పేరున్న పేజీ చిరిగిపోయింది. పల్లె కళల మీద రాసింది. నడుమ నున్నటి కాగితం మీద నలుపు తెలుపు ఫొటోలు. ఒక దాని కింద 'ఒగ్గు కథా బృందం, నల్లగొండ జిల్లా' అని ఉంది. పేర్లు లేవు.

ఫోన్ చేసేసరికి సైదులు ట్రిప్పు దిగి ఖాకీలోనే పరుగెత్తుకొచ్చాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకొని పుస్తకం అందుకున్నాడు.

ఫొటోలో నలుగురు. ఎడమన డోలు వాయించేవాడు, పక్కన తాళాలు పట్టుకున్నవాడు. నడుమ తలపాగా, కోరమీసాలు, ఛాతీ విరుచుకొని నిలబడ్డ బలమైన మనిషి. కుడి చివర ముక్కుపుడకతో, చెయ్యి చాపి ఏడుస్తున్న ఒక ఆమె.

"గీయిననే!" అన్నాడు సైదులు. వేలు నడుమ మనిషి మీద ఆనించబోయి, ఆగి, గాలిలోనే ఉంచాడు. "నడుమ ఉన్నడు సూడన్నా. మీసాలు సూడు."

"మీసం కాదు తమ్మీ, మీ సొంతం," అన్నాను.

వాడు నవ్వలేదు. రెప్ప వేయకుండా చూస్తున్నాడు, తడి కింద పడకుండా.

పెత్తరమాస ముంగిట్లోనే ఉంది. పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చే అమావాస్య. తల్లి ఉన్నన్నాళ్లూ ఉత్త పీట ముందు దండం పెట్టించేదట. ఈసారి తండ్రి పుట్టిన ఊళ్లోనే, తండ్రి ఇంటి జాగాలోనే ఫొటో పెట్టి చేస్తానన్నాడు. ఇద్దరం పరమేష్ స్టూడియోకు పోయాం.

"నడుమ మనిషి ఒక్కడే రావాలె. గీ పక్కనామె ఎందుకు, తీసెయ్," అని పరమేష్‌కు చెప్పింది నేనే. ఆమె చాపిన చేతి వేళ్లు మాత్రం ఒక మూలన మిగిలిపోయాయి. పరమేష్ వాటినీ చెరిపేశాడు.

అమావాస్య పొద్దున సైదులు వెంట నేనూ వెళ్లాను. గోపయ్య ఇల్లు కూలిపోయి ఒక్క గోడ మిగిలింది. సైదులు ముందురోజే వచ్చి పిచ్చిచెట్లు కొట్టి, అలికి, ముగ్గు వేసి పెట్టుకున్నాడు. గోడకు ఆనించి కుర్చీ, కుర్చీలో ఫొటో, ఫొటోకు బంతిపూల దండ. ముందు విస్తరిలో బియ్యం, సొరకాయ, పప్పు. వాడు చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నలభై అయిదేళ్ల ముచ్చట ఒక్కసారే చెప్తున్నట్టున్నాడు.

పక్కింటి ముసలావిడ సోమమ్మ బిందెడు నీళ్లు తెచ్చింది. ఫొటో చూసింది. బిందె అక్కడే దించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓరి కొడుకా! నా పెనిమిటికి దండ ఏసినవేందిరా!"

సైదులు కళ్లు తెరిచాడు. "పెద్దమ్మా, గాయిన మా బాపు..."

"ఏం బాపురా! గది మా బీరయ్య. నా మీసాలాయన నాకు ఎర్కలేదా? పొద్దున అంబలి దాగి గోడవతల గొర్లకాడికి పోయిండు. ఓ బీరయ్యో! జర గిటు రా! నీకు పెత్తరమాస చేస్తున్నరు!"

గోడ అవతలి నుంచి కర్ర పట్టుకొని డెబ్బై దాటిన ముసలాయన వచ్చాడు. మీసాలు తెల్లబడ్డాయి, ఛాతీ వంగింది. కుర్చీలోని తనను తాను చూసుకున్నాడు. విస్తరిలోని సొరకాయను చూశాడు.

"నేనెప్పుడు సచ్చిన్రా?"

ఆ కేకకు గుమిగూడిన ఊరివాళ్లు పడీపడీ నవ్వారు. నేను కూడా నవ్వాను, అలవాటు కొద్దీ. సైదులు వైపు చూసి నోరు మూసుకున్నాను. వాడు దండ తీసేసి చేతిలో పట్టుకున్నాడు. అది ఎవరికి వెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

"నువ్వు గోపయ్య కొడుకువా?" బీరయ్య గొంతు మారింది. "మారెమ్మ కొడుకువా? ఫొటోల మీ బాపు లేకపోవుడేంది? నా పక్కపొంటె ఉండె గదా!"

సంచిలోంచి ఎర్ర అట్ట తీసి పేజీ తిప్పాను. ముసలాయన పుస్తకాన్ని దూరంగా పట్టుకొని, మళ్లీ దగ్గరికి తెచ్చుకొని, కుడి చివరన వేలు పెట్టాడు. ముక్కుపుడక మీద.

"గీయినే గోపయ్య."

కథలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారని ఆ పుస్తకంలో రెండు పేజీల ముందే రాసి ఉంది. నేనే సైదులుకు గట్టిగా చదివి వినిపించాను. ఇద్దరం విన్నాం, పేజీ తిప్పాం, ఆమెను ఆమె అనుకొని కత్తిరించాం.

"గోపయ్య చీర గట్టి నడుమకొచ్చి ఏడ్చిండంటె, కథ ఒడిసినంక గూడ ఆడోళ్లు ఇండ్లకు పోకపోదురు," అన్నాడు బీరయ్య. "ఫొటోగ్రాఫరు నన్ను పెద్దమనిషి అనుకొని నడుమ నిలవెట్టిండు. మీ బాపు ఏమనలే. చివరకు పోయి నిలవడ్డడు."

"మరి అమ్మ నాకెందుకు చెప్పకపాయె?"

సోమమ్మ బిందె మీద చెయ్యి వేసుకొని కూర్చుంది. "ఎట్ల జెప్తది బిడ్డా? బడిల పోరగాండ్లు నిన్ను ఆడవేషపోని కొడుకు అంటే? తండ్రి లేనోనివి, కొట్లాటకు ఎవలొస్తరు?"

సైదులు విస్తరి ఎత్తాడు. బియ్యం, సొరకాయ బీరయ్య చేతికే ఇచ్చాడు. ఫ్రేము కట్టిన ఫొటో సోమమ్మకు ఇచ్చేశాడు. వాళ్లింట్లో కూడా ఆయన మీసాల నాటి బొమ్మ ఏదీ లేదట. మేం బస్సెక్కేటప్పుడు ఆమె దాన్ని కొంగుతో తుడుస్తూ కనిపించింది. దారి పొడుగునా సైదులు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు, తెరవలేదు.

మర్నాడు మళ్లీ పరమేష్ దగ్గరికి పోయాం. సంగతి విని పరమేష్ ఉత్సాహపడ్డాడు.

"గింత దానికి ఫికరెందుకన్నా? ఇప్పుడు కంప్యూటరే అన్నీ జేస్తది. ముక్కుపుడక తీసేస్త, మీసాలు పెడత, చీర తీసి అంగీ తొడుగుత. నీకు బాపు తయార్."

సైదులు నా వైపు చూశాడు. నిన్న ఊరంతా నవ్విన నవ్వు వాడి మొహం మీద ఇంకా ఉంది.

"చెయ్, సూద్దాం," అన్నాడు.

పరమేష్ ఏవో నొక్కాడు. తెర మీద ముక్కుపుడక పోయింది. మీసాలు మొలిచాయి. కన్నీళ్లు ఆరిపోయాయి. తెల్ల అంగీ వేసుకొని, పోటీ పరీక్ష దరఖాస్తు మీద అతికించుకునేటట్టు ఒక మనిషి సూటిగా చూశాడు. చక్కగానే ఉన్నాడు.

సైదులు చాలాసేపు చూశాడు. కుర్చీ ముందుకు జరుపుకొని చూశాడు.

"గీయిన నాకు తెల్వదు," అన్నాడు చివరికి. "ఎన్నడు లేనోణ్ణి తెచ్చి బాపు అంటున్నవు. చీర మళ్ల పెట్టు."

"ఇంట్లకు వచ్చినోళ్లు అడుగుతరన్నా..."

"నా ఇంట్లకు ఎవలొస్తరు? పెట్టు. పుడక పెట్టు. ఏడుపు గూడ పెట్టు. మా అమ్మ సూసిన మొకం గదే."

సాయంత్రం అయిదింటికి ఫ్రేము చేతికొచ్చింది. ఆరింటికి సైదులుకు హాలియా ట్రిప్పు డ్యూటీ. బస్టాండు దాకా వెంట పోయి బస్సు కిటికీ కింద నిలబడ్డాను. వాడు ఫ్రేమును తన సీట్లో కిటికీ పక్కకు నిలబెట్టి, మిషను తీశాడు. ఉచిత ప్రయాణం కింద ఆడవాళ్లందరికీ జీరో టికెట్లు కొడుతూ వచ్చాడు.

ముందు సీట్లో గంప ఒళ్లో పెట్టుకున్న ఒక అవ్వ ఫ్రేములోకి తొంగి చూసింది. "గీమెకు గూడ కొట్టు కొడుకా జీరో టికెట్. గట్ల ఏడుస్తున్నదేంది పాపం, మీ అమ్మనా?"

సైదులు తల తిప్పి చూశాడు. చుట్టూ జనం.

"మా బాపు," అన్నాడు, బస్సంతా వినబడేటట్టు. "మగోడు. ఫుల్ టికెట్ కొట్టాలె."

కొట్టాడు. నల్లగొండ నుంచి హాలియా, ఒకటి. జేబులోంచి డబ్బు తీసి సంచిలో వేసుకొని, టికెట్టును ఫ్రేము అద్దం మూలకు దోపాడు. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ మాత్రం ఫ్రేము వైపు మళ్లీ చూసి, గంప ఒక పక్కకు జరుపుకుంది.

"ఎంత మంచిగ ఏడుస్తున్నడు," అంది.

బస్సు కదిలింది. వాడు నాకు చెయ్యి ఊపాడో, డ్రైవరుకు రైట్ రైట్ అన్నాడో తెలియలేదు. రెండిటికీ ఒకటే చెయ్యి. నేను దుకాణానికి వచ్చి, మహబూబ్‌నగర్ మూటల్లో విప్పనివి వాడు మళ్లీ వచ్చే రోజు కోసం మూలకు లాగాను.