దారిలో లేని మెట్లు

గుర్రం దూకుడు ముప్పై ఏడు చుక్కలు. అతను మళ్ళీ లెక్కపెట్టాడు. కంప్యూటరు తెరమీది బొమ్మను ఎనిమిదింతలు పెద్దది చేసి, గుర్రం డెక్క నేలను వదిలిన చోటినుంచి తిరిగి ఆనిన చోటిదాకా పెన్ను మొనతో ఒక్కొక్క చుక్కనే తాకుతూ వచ్చాడు. ముప్పై ఏడే. పదకొండేళ్ళుగా తన వెబ్‌సైటులో ముప్పై ఆరని ఉంది. చదివినవాళ్ళెవరూ తప్పు పట్టలేదు. అయినా దిద్దాడు. దిద్ది, కింద "ఇన్నాళ్ళూ ఒక చుక్క తక్కువ రాశాను, తప్పు నాదే" అని చేర్చాడు.

అప్పటికి ఉదయం ఆరున్నర. వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఒరేయ్, ఆ గుర్రానికి మేత వేసింది చాలు గానీ, నీళ్ళు చల్లారిపోతున్నాయి. లే!"

"ఒక్క నిమిషం అక్కా."

"నీ నిమిషానికి గడియారాలు చాలవు."

అతను లిఫ్టు మెకానిక్. యాభై నాలుగేళ్ళవాడు. పొట్టి మనిషి, మందపాటి మెడ. బరువైన సామాను మోసీ మోసీ కుడిభుజం ఎడమదానికంటే ఒక పిసరు కిందికి జారింది. ఎడమచేతి చిటికెనవేలి కొస ఇరవయ్యేళ్ళ కిందట ఒక కప్పీలో పడి పోయింది. మిగిలిన వేళ్ళ గోళ్ళలో గ్రీజు ఎంత తోమినా పోని నల్లటి గీతలా ఉండిపోయింది. పెళ్ళి కాలేదు. రెండు సంబంధాలు చూశారు, రెండూ కుదరలేదు, మూడోది చూడటానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. బావ పోయాక అక్క వచ్చి అతనితో ఉంటోంది. ముందుగదిలో ఆమె కుట్టుమిషను, వెనకగదిలో అతని కంప్యూటరు. రెండూ ఒకేసారి నడుస్తుంటే ఇల్లు చిన్న కార్ఖానాలా ఉంటుంది.

ఆ వెనకగదిలోంచే అతను "బంటు" వీడియో ఆటల గురించిన సైటు నడుపుతున్నాడు. చదరంగంలోని బంటు ఒకటి గళ్ళ నేలమీద పరిగెడుతూ, గోతులు దూకుతూ, ఏనుగుల పాదాల కింద నలగకుండా, గుర్రాల పొట్టల కిందినుంచి దూరిపోతూ అవతలి అంచుకు చేరాలి. అంతే ఆట. మొత్తం ఆరు భాగాలు. రెండోది వచ్చినప్పుడు అతనికి పదహారేళ్ళు. బంటుకు వెనక్కి నడవడం రాదు. దాటిన దారి తెర అంచున మూసుకుపోతూ ఉంటుంది. పదహారేళ్ళ కుర్రాడికి అది ఎందుకంత నచ్చిందో అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడిగినవాళ్ళూ లేరు.

సైటులో ఆరువందల నలభై పేజీలున్నాయి. ప్రతి లెవెల్ పటమూ ఉంది. బంటు నిలబడి దూకితే రెండు గళ్ళు, పరిగెత్తి దూకితే మూడున్నర. ఏ ఏనుగు ఎన్ని అడుగులకోసారి తొండం ఎత్తుతుందో, ఏ గోడ వెనక తాళంచెవి ఉందో, ఏ పాట ఏ లెవెల్లో ఒక స్వరం తప్పుతుందో, అన్నీ ఉన్నాయి. అందులో "దారిలో లేని మెట్లు" అని ఒక పేజీ. రెండో భాగంలో పంతొమ్మిదిచోట్ల, పక్కకి తప్పుకుని, ఎక్కడికీ పోని ఒక మెట్టు కనబడుతుంది. దానిమీద తాళంచెవి లేదు, శత్రువు లేడు, ఏమీ లేదు. ఎందుకు పెట్టారో ఎవరికైనా తెలిస్తే చెప్పమని తొమ్మిదేళ్ళు ఆ పేజీలో ప్రశ్న అలాగే ఉండిపోయింది.

జవాబు రెండేళ్ళ కిందట దొరికింది. ఆ జవాబువల్లే ఇప్పుడు తగాదా.

ఆటల హక్కులు ఇప్పుడు ఒక పెద్ద సంస్థ చేతిలో ఉన్నాయి. వాళ్ళు ఆరు భాగాలనూ కొత్తగా తెస్తున్నారు. మూడురోజుల కిందట అతనికి మెయిలు వచ్చింది. రెండో భాగం పటాలన్నీ తొలి కంపెనీ యజమానే గీశాడట, అది సంస్థ చరిత్రలో ఉందట. కంపెనీలో టైపు చేసుకునే ఒకావిడ గీసిందని సైటులో రాసిన పేజీ వాస్తవ విరుద్ధమట. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా తీసేస్తే సైటును తమ అధికారిక సైటుగా గుర్తిస్తారు. లేకపోతే మూయిస్తారు.

ఇవాళ శుక్రవారం.

అక్క పళ్ళెం ముందు పెడుతూ అంది: "తీసెయ్యకూడదట్రా? ఆరొందల పేజీల్లో ఒక్కటి. అంత చెట్టుకు ఒక ఆకు."

"ఆకు అయితే తీసేద్దును అక్కా. గుర్రం దూకుడులో ఒక్క చుక్క తప్పుందని పొద్దున్నే లేచి దిద్దాను. ఇంత తప్పు తెలిసి తెలిసీ ఎలా పెట్టను?"

"కొండను ఢీకొన్న పొట్టేలువి నువ్వు."

"కొమ్ములు నావేగా."

"తలకాయ కూడా నీదే, అది గుర్తుంచుకో" అని అక్క మిషను దగ్గరికి పోయింది.

ఆ రోజు మొదటి పని అయిదంతస్తుల ఇళ్ళ సముదాయంలో. మూడో అంతస్తులో లిఫ్టు నేలకు వేలెడు కిందికి ఆగుతోంది. ముందురోజు ఎవరో ముసలాయన కాలు తట్టుకుని బోర్లా పడ్డాడట. "వేలెడేగా, చూసుకుని దిగొచ్చుగా" అన్నాడు వాచ్‌మన్. "చూసుకుని దిగేట్టయితే మెట్లే ఉన్నాయి కదయ్యా" అన్నాడు అతను. బ్రేకు బిగించి, పదిసార్లు పైకీ కిందికీ పంపి, ప్రతిసారీ మోకాళ్ళమీద కూర్చుని గడపమీద అరచేయి ఆనించి చూశాడు. పదకొండోసారి రెండు నేలలూ ఒక్కటయ్యాయి.

పన్నెండింటికి వృద్ధాశ్రమం చేరాడు. నాలుగంతస్తుల పాత భవనం. నెలకోసారి అక్కడి లిఫ్టు చూడటం అతని వంతు. రెండేళ్ళ కిందట ఆ లిఫ్టులోనే, చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ అతని సామాను పెట్టెమీద అంటించిన బంటు బొమ్మను చాలాసేపు చూసి, "వీడింకా బతికే ఉన్నాడూ!" అంది.

"మీకు తెలుసా పెద్దమ్మా?"

"తెలియకపోవడమేం? వీడు పడ్డ గోతులన్నీ నేను తవ్వినవే."

అతను నవ్వేశాడు. ముసలివాళ్ళు ఏవేవో అంటారు. కానీ ఆవిడ లిఫ్టు దిగుతూ, "పక్కన చిన్నచిన్న మెట్లుండేవి, ఉంచారా తీసేశారా?" అని అడిగింది. అతను చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. ఆ తర్వాతి నెల ఆవిడ ఒక్కొక్క మెట్టూ ఏ లెవెల్లో ఎక్కడుందో చూపుడువేలితో గాల్లో గీసి చెప్పింది. పంతొమ్మిదీ చెప్పి, ఇరవయ్యోదీ చెప్పింది. అతను ఇంటికెళ్ళి వెతికితే, ఇరవై రెండో లెవెల్లో ఒక గోడ వెనక, ఎవరూ చూడని ఇరవయ్యో మెట్టు నిజంగానే ఉంది. ఆవిడ మాటకు రుజువుగా, ఆ చోటు ఒక్కటీ సైటులో పెట్టకుండా ఉంచాడు.

ఎందుకు పెట్టారని అడిగితే ఆవిడ విసుక్కుంది. "ఎందుకేమిటి? పరిగెత్తి పరిగెత్తి వచ్చినవాడికి కాసేపు నిలబడే చోటుండొద్దూ? ఆ ఆఫీసులో నాకు కుర్చీ కూడా సరిగ్గా ఉండేది కాదు." ఉత్తరాలు టైపు చేయడం అయ్యాక, మగవాళ్ళు వాదించుకుంటూ వదిలేసిన గళ్ళకాగితాలమీద ఊరికే గీసిందట. యజమాని చూసి పట్టుకెళ్ళాడట. మిగతావీ నువ్వే గీయమన్నాడట. ముప్పై రెండు లెవెళ్ళు. ఆట అమ్మిన అట్టపెట్టెమీద మాత్రం యజమాని ఫొటో వేసుకున్నారు.

ఇవాళ ఆవిడ హాలులో టీవీ ముందు కూర్చుని అతనికోసమే చూస్తోంది. కిందటి నెల మాటల్లో బయటపడింది, ఆవిడ ఆ ఆటను గీయడమే గానీ ఒక్కసారి కూడా ఆడలేదని. అందుకే ఇవాళ అతను తన పాత ఆటపెట్టె సంచిలో వేసుకొచ్చాడు. టీవీకి తగిలించాడు. రెండో భాగం, మొదటి లెవెల్. రిమోటు లాంటి ఆ పలకను ఆవిడ రెండుచేతుల్లో పెట్టి, ఏ మీట ఎందుకో చెప్పాడు. ఆయా కూడా తుడుపుకర్ర గోడకానించి వచ్చి నిలబడింది.

బంటు నాలుగడుగులు నడిచి మొదటి గోతిలో పడ్డాడు.

"అయ్యో!"

మళ్ళీ పడ్డాడు. అయిదోసారి పడేసరికి ఆవిడ కళ్ళజోడు ముక్కుమీదికి జారిపోయి, భుజాలు కదిలిపోతూ నవ్వింది. "తీసినవాళ్ళే గోతిలో పడతారంటే ఏమో అనుకున్నాను. చూడవే, కళ్ళారా చూడు!" అంది ఆయాతో. "తవ్విన ముప్పై ఎనిమిదేళ్ళకి పడ్డాను."

తొమ్మిదోసారికి దాటింది. దాటి, పలకను ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు అతను మెయిలు సంగతి చెప్పాడు. దాచడం ఇష్టంలేకపోయింది.

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "తీయకపోతే ఏం చేస్తారు నిన్ను?"

"సైటు మూయిస్తారు. పదకొండేళ్ళ పని."

"మరి తీసెయ్. నాకేం, ఇన్నాళ్ళూ లేదు, ఇకముందూ ఉండదు." పలకమీద వేలితో తట్టింది. "కానీ అబ్బాయ్, ఆ మెట్లు వాడే వేశాడని మాత్రం రాయకు. వాడు ఒక్కరోజైనా ఒకర్ని కూర్చోమన్నవాడు కాదు."

"తీయను పెద్దమ్మా. మీరు తీయమన్నా తీయను."

"మొండివాడివి."

"మా అక్కా అదే అంటుంది."

ఆవిడ ఆయాను కాగితమూ పెన్సిలూ తెమ్మంది. "ఆ గొయ్యి మరీ వెడల్పు. కుర్రదాన్ని కదా, పొగరుతో తవ్వాను. పడేవాళ్ళ సంగతి ఇప్పుడు తెలిసింది. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

అతను పైకెళ్ళాడు. మోటారు గదిలో చమురు వాసన, వేడి. తాళ్ళు తుడిచాడు, చమురు పోశాడు, బ్రేకు చూశాడు. తర్వాత తలకిందులుగా పెట్టిన డబ్బామీద కూర్చుని, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఫోను తీసి సంస్థకు జవాబు రాశాడు.

"పేజీ తీయను. ఇరవయ్యో మెట్టు ఎక్కడుందో మీ చరిత్ర రాసినవాళ్ళను చెప్పమనండి. మీ ఆటలో ఉన్నదే, మీకే తెలియదు. ఆవిడకు తెలుసు. మీ గుర్తింపు నాకక్కర్లేదు, మూయించుకోండి."

పంపాడు. పంపాక సైటు చదివేవాళ్ళకు, పదిహేనుమందో ఇరవైమందో, ఒక ముక్క రాశాడు: "ఎవరికి వీలైతే వాళ్ళు అన్ని పేజీలూ దింపుకుని దాచుకోండి. ఇవాళే." మూడున్నర అయింది. సంస్థకు జవాబిచ్చిన చేతులు తనవేనా అని ఒకసారి చూసుకున్నాడు. గ్రీజు చేతులు, తనవే.

లిఫ్టులో కిందికొచ్చేసరికి హాలులో టీవీ ఆపేసి ఉంది. ఆయా ఎదురొచ్చింది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఉంది.

"కునుకు తీస్తోందనుకున్నా అన్నా. మందు ఇద్దామని లేపితే లేవలేదు. డాక్టరుగారు వచ్చి చూశారు. నొప్పి కూడా తెలిసుండదన్నారు."

ఆవిడను అప్పటికే గదిలోకి తీసుకెళ్ళారు. అతను గడపదాకా వెళ్ళి నిలబడ్డాడు. కళ్ళజోడు తీసేసిన ఆవిడ ముఖం ఎవరో తెలియని ముఖంలా ఉంది. పాదాలు రెండూ దుప్పటి బయటికొచ్చి ఉన్నాయి. లోపలికెళ్ళి దుప్పటి సర్దాడు.

"నీకిమ్మంది" అని ఆయా ఒక కాగితం చేతికిచ్చింది, పెన్సిలుతో సహా. ఆశ్రమం భోజనాల పట్టిక అది. వెనకవైపు చేత్తోనే వంకరటింకరగా గళ్ళు గీసి, గళ్ళలో గట్లు, గోతులు, ఒక ఏనుగు. కుడివైపు సగం ఖాళీగా ఉంది.

ఐదున్నరకు ఇంటికొచ్చాడు. అక్క అతని ముఖం చూసి మంచినీళ్ళిచ్చింది. అతను కంప్యూటరు ముందు కూర్చుని, కాగితంమీది గళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి గొయ్యి రెండు గళ్ళు. రెండోది రెండు. మూడోది మూడు. గోతికీ గోతికీ మధ్య నిలబడటానికి చోటుంది. ఏ గొయ్యీ దూకలేనిది కాదు.

అక్క వెనకే నిలబడి చూస్తోంది. "ఏమిటది?"

"రెండో భాగం. ముప్పై మూడో లెవెల్."

"ముప్పై రెండేగా అన్నావు?"

"పొద్దునదాకా."

కాగితాన్ని ఫొటో తీసి కొత్త పేజీలో పెట్టాడు. గీసినది ఎవరో, ఎప్పుడో, ఏ హాలులో కూర్చునో రాశాడు. సగమే ఉందని రాశాడు. మిగతా సగం ఎవరూ పూరించవద్దని రాశాడు. రాస్తున్నప్పుడు ముక్కు ఎగబీల్చాడు. అక్క తన కొంగు చివర అతని చేతికిచ్చి, "తుడుచుకో. తుడుచుకుని రాయి. ఒక్క ముక్కా వదలకు" అంది. పొద్దున పొట్టేలన్న మనిషే.

నాలుగోరోజున సైటు మూతపడింది. ఐదోరోజున మరోచోట తెరుచుకుంది, ఆరువందల నలభై ఒక్క పేజీలతో. వారం తిరిగేలోపు ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్ళో, ఇంకో పదకొండుచోట్ల పెట్టారు. సంస్థ మళ్ళీ రాసింది, అతను మళ్ళీ జవాబిచ్చాడు. కొత్తగా తెచ్చిన ఆటల పెట్టెమీద ఆ యజమాని ఫొటోనే వేశారు. ఇరవయ్యో మెట్టు గురించి అడిగినవాళ్ళకు మాత్రం ఇప్పటిదాకా ఏమీ చెప్పలేదు.

కాగితాన్ని అతను అద్దం కట్టించి గోడకు తగిలించాడు. పెన్సిలును ఎక్కడ పెట్టాలో తోచక కీబోర్డు పక్కనే వదిలేశాడు: బెత్తెడు ఎర్ర పెన్సిలు, వెనక చివర పళ్ళగాట్లు, చెక్కిన మొన ఇంకా పూర్తిగా అరగలేదు.