ఇరవై ఒక్క వేళ్ల ఇల్లు

బాతుసారి ఊళ్లో తెల్లారగానే సుక్రేతి చేసే మొదటి పని, నిన్న ఎవరింట్లో ఏ స్తంభం చీలిందో కనుక్కోవడం. ఆమె ఉండగి, అంటే ఇళ్లకు కొలతలు కట్టే మనిషి. తండ్రి పోయాక ఆ పని ఆమె చేతికొచ్చి నాలుగేళ్లయింది. ఇంటి యజమాని చూపుడువేలి పొడవును వెదురుబద్ద మీద గీసుకుని, స్తంభం ఇరవై ఒక్క వేళ్లు, దూలం ఇన్ని వేళ్లు, మెట్టు ఇన్ని వేళ్లు అంటూ ఆ ఒక్క లెక్కతోనే ఇల్లంతా లేపుతారు. ఎవరి వేలితో కొలిచారో వాళ్లకు తగిలిన దెబ్బ ఇంటికీ తగులుతుంది. ఇంటికి తగిలిన దెబ్బా, చేసిన వైద్యమూ వాళ్లకూ పడతాయి. కిందటి వారం కొబ్బరిచెట్టు మీంచి పడ్డ రంతగ్ కాలు విరిగితే, వైద్యుడు వచ్చేలోపే ఆమె అతని స్తంభానికి పట్టీ బిగించి వచ్చింది.

ఆ ఉదయం మాదె లోద్ర వీధిలోంచే అరుస్తూ వచ్చాడు.

"మీ నాన్న పాతినవి పనస కర్రలా, అరటిబోదెలా? వారానికో చీలిక!"

"నీకేమన్నా దెబ్బలు తగిలాయా, అన్నా?"

"నాకా? నన్ను కొట్టే మగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. ఒంటి మీద గీత కూడా లేదు, చూసుకో."

"మరి ఇల్లెందుకు చీలుతోంది?"

"అదే నేనూ అడుగుతున్నా, పొట్టిదానా! పద."

సుక్రేతి అతని పేరు రాసున్న బద్ద తీసుకుని వెంట నడిచింది. ఇంట్లో అడుగు పెడుతూనే మాదె తల దూలానికి ఠక్కున కొట్టుకుంది. బూతు తిట్టి, పుంజుల బుట్టల దగ్గర కూర్చున్నాడు.

ఆరు స్తంభాలు. ఆమె ఒక్కోదాన్నీ కింద నుంచి కొలుచుకుంటూ పోయింది. ఆరో వేలు దగ్గర ఒక చీలిక. పద్నాలుగు దగ్గర మూడు. పంతొమ్మిది దగ్గరది కొత్తది, లోపల కర్ర ఇంకా తడిగా ఉంది.

అప్పుడే మాదె భార్య కెర్తి కాఫీ తెచ్చింది. కుంటుతోంది. ఒక చెయ్యి పక్కటెముకల మీంచి తియ్యడం లేదు. దవడ వాచి ఒక కన్ను సగమే తెరుచుకుంది. మోకాలు, పక్కలు, దవడ. సుక్రేతి మనసులోనే చీలికలతో పోల్చి చూసుకుంది. సరిపోయింది.

మాదె కాఫీ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. "చక్కెర నీ అమ్మ వేస్తుందా?" అంటూ లేచి గ్లాసుతోనే ఆమె భుజం మీద కొట్టాడు. గ్లాసు పగిలింది. అదే క్షణంలో సుక్రేతి పక్కనున్న స్తంభం పదిహేడో వేలు దగ్గర టప్పున చీలింది.

"విన్నావా!" మాదె విజయగర్వంతో అరిచాడు. "నీ కళ్ల ముందే! ఇదీ మీ నాన్న పనితనం!"

కెర్తి గాజుముక్కలు ఏరుకుని వంటింట్లోకి పోయింది. సుక్రేతి నీళ్ల వంకతో వెనకే వెళ్లింది.

"వదినా, బద్ద మీద వేలు ఏడుంబావు సెంటీమీటర్లుంది. ఆయన వేలు ఎనిమిదికి పైమాటే. కొలిచిన రోజు ఎవరు చాపారు?"

కెర్తి భుజానికి గుడ్డ అదుముకుంది. "ఆయన పందెంలో ఉన్నారు. మంచి ఘడియ దాటిపోతోందని మీ నాన్న కంగారు పడ్డాడు. ఆలుమగల వేలు ఒకటేలేమ్మా అన్నాడు. చాపాను."

"ఆయనకు తెలుసా?"

"తెలిస్తే నన్ను చంపడానికి నా మీద చెయ్యెత్తక్కర్లేదు. ఇల్లు పడగొట్టి, పాత కొంప కూలిందంటే చాలు."

సుక్రేతి దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. నాలుగు స్తంభాలు సగానికి పైగా చీలాయి. ఇంకొక్క దెబ్బ పద్దెనిమిదో వేలు దగ్గర, అంటే మెడ దగ్గర పడితే, ఇల్లూ మిగలదు, కెర్తీ మిగలదు.

బయటికొచ్చేసరికి మాదె చూపుడువేలు చాపి నిలబడ్డాడు. "ఈసారి సరిగ్గా కొలువు. రోజూ తల పగులుతోంది."

కెర్తి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"కొలుస్తాను," అంది సుక్రేతి తాపీగా. "కొలిస్తే మొత్తం విప్పాలి. మూడు నెలలు. పూజారి శుద్ధి చేసేదాకా నీ పడక పందుల దొడ్డి పక్కనే. పుంజులు కూడా."

"పుంజులెందుకు?"

"ఇల్లు లేనివాడి పుంజు పందెంలో దిగకూడదుగా."

మాదె వేలు ముడిచాడు. "వద్దులే. పాత కొలతతోనే కానీ. కర్ర మాత్రం ఎద్దు కుమ్మినా చెక్కుచెదరకూడదు."

"ఉలిన్ కర్ర వేస్తాను. మేకు కూడా దిగదు."

"వెయ్యి. ఎంతైనా వెయ్యి!"

ఆరు రోజులు పట్టింది. పాత స్తంభం లాగిన ప్రతిసారీ కెర్తి చాప మీద వాలిపోయేది. కొత్తది నిలబెట్టగానే లేచి పొయ్యి అంటించేది. కొలతంతా అయ్యాక చివర అర వేలు కలపాలి. దాన్ని ఉరిప్ అంటారు, ప్రాణమని అర్థం. ఆ నాడు తొందరలో తండ్రి దాన్ని మరిచిపోయాడని పాత స్తంభాలు విప్పాకే సుక్రేతికి తెలిసింది. ఆరింటికీ కలిపింది. ఆరో రోజు మధ్యాహ్నానికి కెర్తి రవికె భుజాల దగ్గర బిగుతైంది.

మర్నాడు సాయంత్రం మాదె పందెం ఓడి వచ్చాడు. అన్నం చల్లారిందన్నాడు. పిడికిలి బిగించి కెర్తి మెడ మీద గుద్దాడు.

మాదె చేతి వేళ్లు నాలుగూ ఒకేసారి విరిగాయి. ఎముక తెల్లగా తోలు చీల్చుకుని బయటికొచ్చింది. నమ్మలేక కాలితో ఆమె పక్కలో తన్నాడు. మోకాలి కింద అతని కాలు ఎండుపుల్లలా విరిగి, పాదం వెనక్కి తిరిగింది. మాదె మట్టిలో పడి పంది అరిచినట్టు అరిచాడు. పక్కింటి ముసలావిడ గోడ మీంచి చూసి, "ఉలిన్ కర్రా? మంచి కర్రే," అని లోపలికి పోయింది.

కెర్తి ఇంటి వెనక గట్టు మీద కూర్చుని కొబ్బరాకుతో రేపటి నైవేద్యానికి దొన్నెలు అల్లుకోసాగింది.

"ఈ ఇల్లు నాది!" మాదె నెత్తుటి చేత్తో దేక్కుంటూ వచ్చాడు. కట్టెల మోపులోంచి ఎడం చేత్తో గొడ్డలి లాగి, ఉన్న బలమంతా పెట్టి దగ్గరి స్తంభం మీద వేశాడు. గొడ్డలి ఎగిరి అవతల పడింది. కర్ర మీద గీత కూడా పడలేదు.

వెనక గట్టు మీద, భుజం మీద ఎవరో తట్టినట్టు కెర్తి తల తిప్పింది.

"పిలిచావా?"