డేగ పట్టు

పిట్టక్క కట్టుడు పళ్ళు చేసే చోట పనిచేసేది. పగలంతా మైనం చెక్కుతూ, ముక్కూ మొహం తెలియనివాళ్ళ నోళ్ళు నింపేది. సాయంత్రం ఇంటికొచ్చి మేడ మీద పిట్టగోడకు ఆనుకుని పక్షుల్ని చూసేది. చూసినదాని మీద కవితలు రాసేది. అందుకే వీధివాళ్ళు ఆమెకు ఆ పేరు పెట్టారు. సొంత తమ్ముడు కూడా అలాగే పిలిచేవాడు, అదీ కోపం లేనప్పుడు.

తమ్ముడు వెల్డింగ్ పనివాడు. అదే మేడ మీద పావురాలు పెంచేవాడు. అన్నిట్లోకీ ఒక తెల్ల పావురమంటే అతనికి ప్రాణం. దాన్ని పిల్లగా ఉన్నప్పుడు నోటితో నీళ్ళు పట్టి బతికించాడు. "ముందు దానికి గింజలు పడాలి, తర్వాతే నాకు మొగుడు" అని మరదలు నవ్వేది.

ఆ చలికాలం ఒక ఆదివారం ఉదయం పిట్టక్క తడిబట్టలు ఆరేస్తోంది. నీళ్ళ ట్యాంకు మీద దబ్బున చప్పుడైంది. డేగ. దాని కాళ్ళ కింద తెల్ల పావురం వెల్లకిలా పడి ఉంది. డేగ దాన్ని చంపకుండానే తినడం మొదలుపెట్టింది. రొమ్ము మీది ఈకలు పీకి అటూ ఇటూ విసిరింది. చర్మం చీలి ఎర్రటి కండ బయటపడ్డాక కూడా పావురం మెడ ఎత్తి చూస్తూనే ఉంది. దాని రెక్క ట్యాంకును టపటపా కొడుతూనే ఉంది.

బట్టల కర్ర పిట్టక్క చేతికందే దూరంలోనే ఉంది. ఆమె తీయలేదు. అరవలేదు. అంత దగ్గరగా డేగను ఆమె ఎన్నడూ చూడలేదు. ఊపిరి బిగబట్టి చివరిదాకా చూసింది. ఆ తర్వాత కిందికి దిగి, తలుపేసుకుని, కవిత రాసింది. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లి ఎత్తుకుపోయిందనుకుని తమ్ముడు రెండు పూటలు అన్నం మానేశాడు.

ఆమె పంపిన ఆ కవితను రేడియోవాళ్ళు మెచ్చుకుని ఆమెతోనే చదివించారు. అది ఉదయం కార్యక్రమంలో వచ్చేసరికి తమ్ముడు దుకాణంలో గేటుకు అతుకు వేస్తున్నాడు.

"ఆకాశం ఒక్క గోరు చాచింది,
తెల్లని చుక్క నవ్వుతూ దాని కొనకు అంటుకుంది..."

మేడ, ట్యాంకు, డేగ, తెల్ల పావురం అన్నీ ఉన్నాయి అందులో. పక్కనున్న ముసలి ఫిట్టరు పకపకా నవ్వాడు. "ఏరా, మీ అక్క నీ పావురాన్ని భలే సాగనంపిందిరా!"

తమ్ముడు మొహం మీది ముసుగు తీసి పారేసి, సగం పనిలో ఇంటికొచ్చాడు.

"నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఎంతసేపు?"

"అది తినేదాకా."

"కర్ర లేదా అక్కా? నోరు లేదా నీకు? చుక్క నవ్విందా? ఒట్టేసి చెప్పు. నవ్విందా?"

ఆ మాట రాసేటప్పుడే అబద్ధమని ఆమెకు తెలుసు. వినడానికి బాగుందని ఉంచేసింది.

మర్నాడే తమ్ముడు డేగను పట్టడానికి ఇనప చువ్వలతో చట్రం కట్టి, వల బిగించి, కింద ఒక బూడిద రంగు పావురాన్ని కాలికి తాడేసి కట్టాడు. కొన్నాళ్ళు కాకులు తప్ప ఏవీ రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం మేడ మీంచి అతని కేక వినపడింది.

"అక్కా! పైకి రా! నీ చుట్టం వచ్చింది!"

ఆమె వెళ్ళేసరికి అతను చేతులకు తోలు తొడుగులతో డేగను వలతో సహా నేలకు అదిమి పట్టాడు. ఆమె మొహంలోకి చూస్తూ ఒక రెక్క విరిచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడు. డేగ నోరు తెరిచింది, శబ్దం రాలేదు.

"రాయి. కూర్చుని రాయి. ఇది మాత్రం బాగోలేదా?"

"వదలరా!"

అతను రెండో రెక్క కూడా విరిచాడు. పావురాల గూటి తలుపుకు అడ్డంగా పెట్టే ఇనప కడ్డీ ఆమె చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. అతని నుదుటి మీద కొట్టింది. కనుబొమ చీలి రక్తం కంట్లోకి కారింది. అతను కన్ను కనపడక అరుస్తూ ఆమెను తోశాడు. ఆమె ట్యాంకు అంచుకు కొట్టుకుని పడింది. ఎడమ మణికట్టు విరిగింది. అయినా పాక్కుంటూ వెళ్ళి కుడిచెయ్యి వలలోకి దూర్చింది, దాన్ని విడిపిద్దామని.

డేగకు ఆమె ఎవరో ఏం తెలుసు? గోళ్ళన్నీ అరచేతిలోకి దించింది. ఒక గోరు చేతి వెనక నుంచి బయటికొచ్చింది.

ఆమె వేసిన కేకకు తమ్ముడి కోపం చచ్చిపోయింది. "లాగకు! లాగితే ఇంకా బిగుస్తుంది!" అంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తొడుగులు తీసేసి డేగ మెడ తిప్పేశాడు. చచ్చినా అది పట్టు వదల్లేదు. దాని కాలు నిదానంగా చాపి, ఒక్కొక్క గోరే వెనక్కి తీశాడు. ప్రతి గోరుకీ ఆమె అతని భుజం కొరికింది.

"కొరుకు, గట్టిగా కొరుకు. అయిపోయిందమ్మా, ఇంకొక్కటే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పైకొచ్చిన మరదలు ఆ నెత్తురూ ఈకలూ చూసి మొగుడి చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత బండి కోసం పరిగెత్తింది.

ఆసుపత్రిలో తమ్ముడు మెట్ల మీంచి పడ్డామన్నాడు. అదే సమయంలో పిట్టక్క కుక్క కరిచిందంది. డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయితే కుక్క మెట్ల మీద ఉందన్నమాట" అన్నాడు.

గాయం చీము పట్టి చెయ్యి మోచేతిదాకా వాచింది. రెండుసార్లు కోయాల్సొచ్చింది. ఆమె కుడిచేతి వేళ్ళు రెండు మళ్ళీ వంగలేదు. మైనం చెక్కే పని పోయి, అచ్చులు కడిగే పని ఇచ్చారు. తమ్ముడు మిగిలిన పావురాల్ని తెలిసినవాడికి ఇచ్చేసి, గూడు విప్పేశాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ మరదలి ద్వారానే మాట్లాడుకున్నారు.

ఆ వేసవిలో ఆమె మళ్ళీ రాసింది. ఉదయంపూట జనం వినలేరని రేడియోవాళ్ళు తిప్పి పంపారు. ఆ సాయంత్రం తమ్ముడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్తది రాశావంట. నేనున్నానా అందులో?"

"ఉన్నావు. నేనూ ఉన్నాను, కర్ర పక్కన ఊరికే నిలబడి."

"నేనేం చేస్తున్నాను?"

"రెక్కలు విరుస్తున్నావు. తర్వాత ఏడుస్తున్నావు."

"నేనేడవలేదు. కంట్లో రక్తం పడింది."

"సరే, అలాగే మారుస్తాలే."

"వద్దు. ఉండనీ." అతను మేడమెట్లు సగం ఎక్కి, ఆమెకు కనపడకుండా కూర్చున్నాడు. "చదువు."

ఆమె చదవడం మొదలుపెట్టింది. పావురం మెడ ఎత్తిన చోట లోగొంతుకలో చదివింది.

"గట్టిగా అక్కా. వినపడట్లేదు."

ఆమె లేచి నిలబడి, ఆ చరణం మళ్ళీ మొదటినుంచి చదివింది.