శుక్రవారం మగవాళ్ళ వంతు

మా కాగితం మిల్లులో ఆవిరిస్నానం గురువారం ఆడవాళ్ళ వంతు, శుక్రవారం మగవాళ్ళ వంతు. రెండు రోజులూ వీపులు తోమేది మాత్రం నేనే, ల్యూలిని. నా ముందు బట్టల్లేకుండా పడుకోవడానికి మా మిల్లు మగవాళ్ళు ఎన్నడూ సిగ్గుపడలేదు. సిగ్గుపడాలంటే ముందు అక్కడొక మనిషి ఉందని అనిపించాలి కదా. పొయ్యికీ, నీళ్ళతొట్టికీ, నాకూ వాళ్ళకు తేడా తెలియదు.

యూనియన్ కమిటీ కూడా శుక్రవారమే కూర్చునేది. సరస్సు ఒడ్డున స్నానశాల ముందుగదిలో బల్ల చుట్టూ కాసేపు మాట్లాడుకునేవాళ్ళు. చిక్కు విషయం రాగానే మా తమ్ముడు వోయిట్టో "మిగతాది వేడిలో చూద్దాం పదండి" అని లేచేవాడు. అధ్యక్షుడు వాడే. అందరూ ఎర్రగా కమిలి బయటికొచ్చేసరికి విషయం తేలిపోయి ఉండేది. రాజధాని హెల్సింకిలో మంత్రులూ అలాగే తేల్చుకుంటారట. కూలివాళ్ళ యూనియన్ నేర్చుకోవాల్సినవి ఎన్నో ఉండగా మావాళ్ళు నేర్చుకున్నది ఇదొక్కటి.

ఆ ఏడు కమిటీలోకి మొదటిసారి ఒక ఆడమనిషి ఎన్నికైంది. సైమి. కాగితాలు ఏరే హాల్లో పని. అక్కడ అందరూ ఆడవాళ్ళే. పొద్దస్తమానం నిలబడి ఒక్కో కాగితాన్నీ వెలుతురుకు తిప్పి చూసి, మచ్చ ఉన్నదాన్ని తీసి పారేస్తారు. సగం మంది మొగుళ్ళు యుద్ధం నుంచి శవపెట్టెల్లో తిరిగొచ్చారు. సైమి మొగుడూ అంతే. ఆ పెట్టెలు మోసిన భుజాల్లో మా తమ్ముడి భుజమూ ఉంది.

సైమి బల్ల దగ్గర బాగా మాట్లాడేది. అందరూ తలలూపేవాళ్ళు. తర్వాత మగవాళ్ళు బట్టలు విప్పి లోపలికి పోతే, తను కాఫీ కాచి, ఏలకుల రొట్టెలు కోసిపెట్టి, వాళ్ళ కోసం ఎదురుచూసేది. మగవాళ్ళ వంతు కదా, లోపలికెలా వెళ్తుంది?

ఆ వసంతంలో కాగితాలు ఏరే కొత్త యంత్రం వస్తోందనీ, ఏరే హాలు మూసేస్తారనీ తెలిసింది. సైమి బల్ల దగ్గర ఒక్కటే అడిగింది. ఏ ఒక్కరి పనీ పోకూడదు, అందరినీ వేరే విభాగాల్లోకి మార్చాలి. "అందులో రెండో మాట లేదు" అన్నాడు వోయిట్టో. అన్న కాసేపటికే నా చెక్కబల్ల మీద బోర్లా పడుకుని రెండో మాట మాట్లాడాడు. పక్కన మెట్టు మీద కంపెనీ తరఫు మనిషి లిండ్రూస్ అతిథిలా కూర్చుని చెమటోడుస్తున్నాడు.

"హాలు మూసుకోండి. యంత్రాలు నడిపే మా మగవాళ్ళ జోలికి మాత్రం రావద్దు" అన్నాడు వోయిట్టో.

"మరి ఆడవాళ్ళు గొడవ చేస్తే?"

"రెండ్రోజులు ఏడుస్తారు. తర్వాత ఇంట్లో కూర్చుని సూపు కాచుకుంటారు. వచ్చే శుక్రవారం ఖాయం చేసేద్దాం."

కమిటీలో మిగతా ఇద్దరు మగవాళ్ళూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. నా చేతులు ఆగిపోయాయి.

"తోమవే అక్కా, నిద్రపోయావా?" అన్నాడు.

తోమాను. అరికాలి మంట నెత్తికెక్కింది. తోలు ఊడొచ్చేలా తోమినా వాడు హాయిగా మూలిగాడు. అందరూ వెళ్ళాక, కప్పులు కడుగుతున్న సైమికి విన్నది విన్నట్టు చెప్పాను. తను చేతిలో కప్పు కింద పెట్టింది.

"వచ్చే శుక్రవారం నీ ఏప్రాన్ నాకియ్యి అత్తా."

"నా పని ఊడుతుందే."

"అవును, ఊడుతుంది" అంది సైమి. అబద్ధం చెప్పి ఒప్పించాలని చూడలేదు. అందుకే ఇచ్చాను.

ఆ శుక్రవారం పొయ్యిమీద కాలే రాళ్ళపై నీళ్ళు ఎక్కువే చల్లాను. ఎదుటి మనిషి ముఖం కనపడనంత ఆవిరి. వోయిట్టో కళ్ళకు సబ్బు నురగతో బోర్లా పడుకున్నాడు. నా ఏప్రాన్ కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని సైమి వాడి వీపు మీద చేతులు వేసింది.

"సైమికి ఇవాళ చెప్పేస్తావా?" అన్నాడు లిండ్రూస్.

"చెప్తాలే. మంచి పిల్ల, కాఫీ బాగా పెడుతుంది. కొంచెం బుజ్జగిస్తే చాలు."

"ఇవాళ కాఫీ పెట్టలేదు వోయిట్టో" అంది సైమి, తోమడం ఆపకుండానే.

వాడు లేవబోయి, జారి, మళ్ళీ బల్ల మీద పడ్డాడు. మెట్ల మీదున్న కమిటీవాళ్ళిద్దరూ ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బిర్చి కొమ్మల కట్టలు ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నేళ్ళూ నా ముందు రాని సిగ్గు ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకర్థం కాలేదు. అర్థమయ్యాక మరింత మండింది.

"బయటికి పో. మగవాళ్ళ వంతు ఇది" అన్నాడు వోయిట్టో.

"కమిటీ అంతా ఇక్కడే ఉందిగా. నేనూ కమిటీయే. ఓటింగ్ పెట్టు, నేను వ్యతిరేకం."

"స్నానాలగదిలో మీటింగేంటే?"

"మీటింగు కాకపోతే ఇక్కడ చేసుకున్న ఒప్పందమూ చెల్లదు. మీటింగే అయితే నా మాట లెక్కలోకి రావాలి. కమిటీలో ఒక్కరు కాదన్నా సభ్యులందరి ముందుకూ పోవాలని రూలు పెట్టింది మీరే. రెంట్లో ఏదో ఒకటి నువ్వే తేల్చుకో."

లిండ్రూస్ తువ్వాలు చుట్టుకుని లేచాడు. "ఇది మీ ఇంటిగొడవ, నాకెందుకు?" అంటూ జారుకున్నాడు. నిప్పు పెట్టినవాడికి ఎప్పుడూ అది పక్కింటి మంటే.

వోయిట్టో అప్పుడు నన్ను చూశాడు. "నువ్వే రానిచ్చావా అక్కా? ఆవిరిగదిలో చర్చిలో ఉన్నట్టుండాలని అమ్మ చెప్పేది, మర్చిపోయావా?"

"అమ్మ అదే చెప్పింది. తడిగుడ్డతో గొంతులు కొయ్యమని చెప్పలేదు."

"నీకెందుకే యూనియన్ విషయాలు?"

"నేనూ చందా కడుతున్నాను రా. ఎప్పుడన్నా మీటింగుకి రమ్మన్నావా? సభ్యులందరి మీటింగంటే గురువారమే పెడతారు, ఆడవాళ్ళ వంతు రోజే. ఒళ్ళు కడుక్కుంటారో, నోరు తెరుస్తారో మీరే తేల్చుకోండన్నట్టు. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు ఎవరి సంపాదనతో సూపు కాచుకుంటారు రా? చెప్పు."

వాడు కళ్ళల్లో సబ్బు పడిందన్నాడు.

సభ్యులందరి మీటింగు అలవాటు ప్రకారం గురువారమే పెట్టారు. ఆ రోజు నేను పొయ్యి వెలిగించలేదు. ఏరే హాలు వాళ్ళు, ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు, పాచి ఒళ్ళతో, కాగితపు దుమ్ము నిండిన జుట్లతో వచ్చి ముందు బెంచీలు నింపేశారు. సైమి ఉన్నదున్నట్టు చెప్పింది. ఒకామె లేచి "మా ఆయన పెట్టె మోశావుగా వోయిట్టో, బరువుగా లేదా?" అని అడిగి కూర్చుంది. ఆ తర్వాత యంత్రాల మగవాళ్ళలో కూడా చాలామంది మావైపే చేతులెత్తారు. ఒప్పందం కొట్టేశాం. ఇకనుంచి కంపెనీతో మాట్లాడేది సైమి అని తేల్చాం. ఒక్కరి పనీ పోకుండా చూస్తానని వాళ్ళందరి ముందూ వోయిట్టో చేత అనిపించాం.

మర్నాడు పొద్దున్నే లిండ్రూస్ కబురు పంపాడు. పొయ్యి వెలిగించలేదు కాబట్టి నేనిక పనికి రానక్కర్లేదట. తెలిసిందే, కానీ స్నానశాల తప్ప నాకు మరో చోటు తెలియదు. వెళ్ళొస్తానని చెప్పడానికి ఏరే హాలుకు వెళ్ళాను. సైమి విని, చేతిలోని కాగితం దొంతర మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. పక్కనామె కట్టుకుంది. తర్వాత హాలంతా కట్టుకుంది. ఏరడానికి సరుకు తెచ్చే బండ్లు కదలకపోవడంతో గుమ్మం దగ్గర కాగితం గుట్టలు పడింది.

వోయిట్టో ఆయాసపడుతూ వచ్చాడు. "పిచ్చెక్కిందా మీకు? నిన్ననే గెలిచారు, మీ పనులు మీకున్నాయి. ఒక్క ముసలిదాని కోసం మిల్లు ఆపుతారా?"

అన్నాక నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఆ ముసలిదే వీణ్ణి చంకనేసుకుని పెంచింది.

"ఒక్కదాని కోసమే ఆపాలి వోయిట్టో. తనదాకా వస్తే ఎవడైనా ఆపుతాడు" అంది సైమి.

వాడు ఇంకేదో అనబోయాడు. ఎవరూ వాడివైపు చూడటం లేదు. నేను ఒక స్టూలు లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.